మడమ ముందు, మోకాలు తిన్నగా

ఆమె నడుస్తుంటే వీధి నవ్వుతుంది. దాచుకోవాల్సిన విషయమేం కాదు. నడుము కుడికీ ఎడమకీ ఊగుతుంది, మోచేతులు పక్కనున్న వాళ్ళని పొడుస్తాయేమో అన్నట్టు ఆడతాయి, కాళ్ళు మాత్రం కర్ర పెట్టి కట్టినంత తిన్నగా పడతాయి. అది పరుగు కాదు, మామూలు నడకా కాదు. బస్సు వెళ్ళిపోతోందని కంగారు ఉండి, పరిగెత్తడానికి మొహమాటపడుతున్న మనిషి నడకలా ఉంటుంది. అందుకే ఆమెకి బాతు అని పేరు పడింది. వీధి చివర సైకిళ్ళు బాగుచేసేవాడు మొదలుపెట్టాడు. తర్వాత పనిచేసే చోట అందుకున్నారు. చివరికి నడక పోటీలకి శిక్షణ ఇచ్చే మాస్టారు కూడా అదే ఖాయం చేశాడు.

"బాతు ఈదుతుంది, నడుస్తుంది, కావాలంటే ఎగురుతుంది కూడా. నీకు సైకిల్ లేకపోతే పక్క వీధికే దిక్కు లేదు," అని ఆమె సైకిళ్ళవాడికి అంటించేది. వాడు నవ్వేవాడు. ఆమె ఆగకుండా వెళ్ళిపోయేది.

పెద్దాసుపత్రి నేలమాళిగలో ఉన్న లాండ్రీలో ఆమెకి ఉద్యోగం. పైన ఏడు అంతస్తుల వార్డుల్లో మాసిన దుప్పట్లన్నీ సంచుల్లో కట్టి ఒక గొట్టంలో పడేస్తారు. అవి ధబ్బుమని ఆమె ముందు పడతాయి. ఉతికే యంత్రాల్లోంచి తీసిన తడి దుప్పట్ల బరువుకి భుజాలు దిగిపోతాయి. ఆవిరికి గోడలు ఎప్పుడూ చెమటలు కక్కుతూ ఉంటాయి. ఇస్త్రీ రోలర్లోంచి పొగలు కక్కుతూ బయటికొచ్చిన దుప్పటిని ఇద్దరు చెరో కొస పట్టుకుని, ఒకరికొకరు ఎదురుగా నడిచి, కలిసి, మడిచి, మళ్ళీ వెనక్కి నడవాలి. బాతుకి జోడీగా దుప్పట్లు మడిచే ఆవిడని అందరూ మైకు అంటారు. యంత్రాల మోతలో కూడా ఆవిడ గొంతు మూడో అంతస్తు దాకా వినబడుతుంది మరి.

పెళ్ళయి, ముప్పై దాటి, నడుం నొప్పి మొదలయ్యాక బాతు ఈ నడక ఆటలోకి వచ్చింది. పని అయ్యాక నడుం సాగదీద్దామని ఆసుపత్రి వెనక నది పక్కన ఉన్న రోడ్డు మీదికి వెళ్ళింది ఒకరోజు. అక్కడ నలుగురు ఆడవాళ్ళు నడుములు తిప్పుకుంటూ పోతున్నారు. చూసి ఈమె పగలబడి నవ్వింది. వాళ్ళ వెనకాలే సైకిల్ తొక్కుకుంటూ వస్తున్న బట్టతల మనిషి ఆగి, "నవ్వడం అయిపోతే ఒకసారి నడిచి చూపించమ్మా," అన్నాడు. పగలు ఇనుప సామాన్ల కొట్లో కూర్చుని, ఉదయం సాయంత్రం నడక పోటీలకి శిక్షణ ఇచ్చే మాస్టారు ఆయనే. ఈమె చూపించబోయింది. వంద గజాలకే ఊపిరి అందలేదు, పిక్కలు మండాయి. మర్నాడు మళ్ళీ వచ్చింది, ఈసారి నవ్వడానికి కాదు.

ఆ ఆటకి రెండే నియమాలు. ఒక కాలు ఎప్పుడూ నేల మీద ఉండాలి. రెండు కాళ్ళూ ఒకేసారి లేచాయంటే అది ఎగరడం కింద లెక్క. రెండోది, ముందుకు వేసిన కాలు మడమ నేలని తాకిన దగ్గర్నుంచి ఒంటి కిందకి వచ్చేదాకా మోకాలు వంగకూడదు. దారి పొడుగునా జడ్జీలు నిలబడి కాళ్ళే చూస్తుంటారు. తప్పు కనబడితే ఎర్ర కార్డు రాస్తారు. ముగ్గురు జడ్జీలు రాశారంటే పోటీలోంచి బయటికి. ఎంత ముందున్నా సరే, ముగింపు రిబ్బను పది అడుగుల్లో ఉన్నా సరే.

బాతుకి అదే జరిగింది. కిందటేడు ఊరి పోటీలో మూడో స్థానంలో నడుస్తూ, ఆఖరి చుట్టులో రిబ్బను కళ్ళబడగానే వేగం పెంచింది. ఎర్ర జెండా పట్టుకున్న పెద్దాయన దారికి అడ్డం వచ్చి, "అయిపోయింది తల్లీ, పక్కకి రా," అన్నాడు. ఆమెకి అర్థం కాలేదు. "ఇంకొంచెమే కదండీ," అంది. ఆయన పాపం మంచివాడు. "ఇంకొంచెమే. కానీ ఎగిరావు," అన్నాడు.

ఆ సాయంత్రం మాస్టారు ఆమెకి మెత్తగా ఏం చెప్పలేదు. ఆయన దగ్గర మెత్తటి మాటలు లేవు.

"నీ నడకలో దొంగతనం ఉంది బాతూ. వేగం పెరిగితే చాలు, రెండో కాలు తొందరపడుతుంది. పైపైన సరిచేస్తే పోదు. కుట్లన్నీ విప్పి మళ్ళీ కుట్టాలి."

"ఎన్నాళ్ళు పడుతుంది సార్?"

"పోటీ మళ్ళీ వచ్చేదాకా. అప్పుడు మూడు కార్డులు తినకుండా చివరిదాకా నడిచావా, జట్టులో ఉంటావు. బయటికి పోయావా, నీ చోట్లో ఇంకొకరిని పెడతా. బయట ముగ్గురు ఎదురుచూస్తున్నారు."

జట్టంటే ఊరి తరఫున బయటి పోటీలకి వెళ్ళే నలుగురు. బాతుకి జీవితంలో దొరికిన ఒకే ఒక్క జట్టు అది. ఆమె వీపు మీద ఊరి పేరున్న చొక్కా ఒకటి ఉంది. దాన్ని లాండ్రీ యంత్రంలో వేయకుండా ఇంట్లో చేత్తో ఉతుకుతుంది. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

నిజమైన కష్టం ఆ తర్వాతే మొదలైంది. పిక్కలు మండటం, బొటనవేలి గోరు నల్లబడటం కష్టమే, కానీ అందులో ఒక దర్జా ఉంది. నలుగురికీ చెప్పుకోవచ్చు. మెల్లగా నడవమంటే దర్జా ఏముంది? మాస్టారు ఆమె వేగాన్ని సగానికి తగ్గించాడు. ప్రతి అడుగూ మడమ ఎక్కడ తగిలిందో తెలుసుకుంటూ వేయాలి. నిన్నగాక మొన్న చేరిన కాలేజీ పిల్ల, అందరూ జింక అని పిలిచే పొడుగు పిల్ల, "వస్తున్నా అక్కా" అంటూ పక్కనుంచి దూసుకుపోయేది. జింక మంచి పిల్ల. కథ బాగుండాలని ఆమెని చెడ్డదాన్ని చేయడం కుదరదు. ఆ మంచితనమే బాతుకి ఇంకా మంటగా ఉండేది.

వారాలు గడిచాయి. మెరుగుపడిన గుర్తు ఒక్కటీ లేదు. కాస్త వేగం పెంచితే పాత నడక ఎలక కలుగులోంచి తొంగిచూసినట్టు మళ్ళీ వచ్చేసేది. స్ఫూర్తి అనే మాట వ్యాయామశాల గోడ మీద బాగుంటుంది. తెల్లారకుండానే వాన పడుతుంటే, నిన్న మోసిన తడి దుప్పట్లకి భుజాలు ఇంకా లాగుతుంటే, ఆ మాట మనిషిని మంచం మీంచి లేపదు. బాతుని కూడా లేపలేదు.

ఆమె మానేసింది. మానేశానని మాత్రం ఎవరికీ చెప్పలేదు. రోజూ అదే వేళకి లేచి, బూట్లు వేసుకుని, తలుపు చప్పుడు కాకుండా వేసి బయటపడేది. రెండు వీధుల అవతల బస్టాపులో బెంచీ మీద కూర్చునేది. బస్సులు వచ్చేవి, పోయేవి. ఒక డ్రైవరు రోజూ ఆపి, "ఎక్కుతావా అమ్మా?" అని అడిగేవాడు. "లేదండీ" అనేది. తర్వాత లేచి, మొహం మీద నీళ్ళు చల్లుకుని ఇంటికి వెళ్ళేది. అలా ఒక వారం గడిచింది.

ఆ ఇంట్లో ముగ్గురు. భర్త సరుకులు చేరవేసే వ్యాను నడుపుతాడు. తక్కువ మాట్లాడతాడు, ఎక్కువ తింటాడు. మూడో మనిషి అత్త. ఆవిడ ఒకప్పుడు సినిమా హాలు గుమ్మం దగ్గర టికెట్లు చింపే పని చేసేది. టికెట్ లేకుండా లోపలికి దూరేవాణ్ణి నడక చూసి పట్టుకునేదట. మూడు నెలల కిందట మెట్ల మీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయ్యింది. చేతులతో పట్టుకుని నడిచే ఇనుప చట్రం ఒకటి ఇచ్చి, రోజూ వీధిలో నడవమన్నారు. ఆవిడ గది దాటలేదు. కిటికీ నుంచి మంచానికీ మంచం నుంచి కిటికీకీ తప్ప ఎటూ కదల్లేదు.

ఆ ఉదయం బాతు తలుపు తీసుకుని లోపలికి రాగానే అత్త మంచం మీద కూర్చునే ఉంది.

"ఎలా నడిచావే?"

"బాగానే నడిచానత్తయ్యా."

"ఊ. రాత్రంతా వాన. నది పక్కంతా బురదేగా. నీ బూట్లేమిటి, పెళ్ళికూతురి చెప్పుల్లా మెరుస్తున్నాయి?"

బాతు కిందకి చూసుకుంది. నీళ్ళు మొహం మీద చల్లుకుంది కానీ బూట్ల సంగతి గుర్తుకు రాలేదు.

"వారం నుంచి చూస్తున్నా," అంది అత్త. "జాకెట్టు వీపు తడవట్లేదు. వచ్చాక నీళ్ళు గటగటా తాగట్లేదు. నాకు టికెట్ లేకుండా సినిమా చూపిస్తావా? ఎక్కడ కూర్చుంటున్నావు?"

"బస్టాపులో."

"అక్కడెందుకే, ఇంట్లోనే పడుకోవచ్చుగా. దుప్పటి కప్పుకుని హాయిగా."

బాతు గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయింది. ఏడవలేదు. విసుగ్గా, పళ్ళు బిగించి చెప్పింది. "నా వల్ల కావట్లేదత్తయ్యా. మెల్లగా నడువు, మెల్లగా నడువు అంటాడు. మెల్లగా నడిస్తే అందరూ దాటేస్తారు. గట్టిగా నడిస్తే ఎగురుతున్నానంటారు. నేనేం చెయ్యను? పైగా వీధంతా నవ్వు."

ఇక్కడ అత్త ఏదో గొప్ప మాట చెప్పి ఉంటుందని ఎవరైనా అనుకుంటే పొరపాటే. ఆవిడ కాసేపు ఇనుప చట్రం కేసి చూసింది.

"నేనెందుకు కిందకి దిగట్లేదో తెలుసా నీకు?"

"నొప్పిగా ఉంటుందని."

"నొప్పి ఎవడికి లేదు? ముప్పై ఏళ్ళు ఈ వీధిలో దర్జాగా తిరిగానే. ఇప్పుడీ ఇనప మేకపిల్లని ముందేసుకుని టిక్కు టిక్కుమంటూ వెళ్తే ఆ సైకిళ్ళవాడు ఏమంటాడో నాకు తెలుసు. వాడి నోరు నాకు తెలుసు. వాడిని చిన్నప్పుడు హాల్లోంచి ఎన్నిసార్లు గెంటానో వాడికీ తెలుసు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు నవ్వింది అత్తే.

మర్నాడు భర్త తల్లిని మెట్ల మీంచి ఎత్తుకుని కిందకి దింపాడు. ఆవిడ మధ్యలో "ఒరే, సరుకనుకుంటున్నావా, మెల్లగా," అని అరిచింది. వ్యానులో ముగ్గురూ నది దగ్గరికి వెళ్ళారు. అప్పటికింకా వెలుతురు సరిగ్గా రాలేదు, నవ్వడానికి జనం లేరు. ఒకవైపు బాతు, ఒకవైపు అత్త. మాస్టారు సైకిల్ ఆపి, చట్రం పట్టుకున్న అత్తని చూసి, "ఈవిడ ఏ విభాగం?" అన్నాడు.

"ముసలి విభాగం. నీకంటే రెండేళ్ళు చిన్నదాన్నే అయ్యుంటాను. నీ పని చూసుకో," అంది అత్త.

అసలు సంగతి ఆ రోజే బయటపడింది. ఆసుపత్రిలో వ్యాయామం నేర్పే అమ్మాయి అత్తకి చెప్పి పంపిన జాగ్రత్తలు ఇవి: మడమ ముందు ఆనించాలి, మోకాలు తిన్నగా చాపాలి, వెనక కాలు కదిలించే ముందు ముందు కాలు నేల మీద స్థిరపడాలి, తొందర పడకూడదు. అత్త వాటిని గొణుక్కుంటూ నడుస్తుంటే పక్కనుంచి వెళ్తున్న బాతు ఆగిపోయింది.

"అత్తయ్యా, ఏమన్నారు?"

"మడమ ముందు, మోకాలు తిన్నగా. ఆ పిల్ల రోజూ నా ప్రాణం తీసేది దీంతోనే."

"నా ప్రాణం తీసేదీ దీంతోనే!"

మాస్టారు విని తల గోక్కున్నాడు. విరిగిన తుంటితో నడక మళ్ళీ నేర్చుకునేవాళ్ళకీ, అందరికంటే వేగంగా నడవాలనుకునేవాళ్ళకీ ఒకే పాఠమని ఆయనకీ తట్టలేదు.

ఆ తర్వాత అత్తాకోడళ్ళ మధ్య కొత్త తగాదా మొదలైంది. ఇంట్లో వంటగదిలోంచి గదిలోకి వస్తుంటే వెనకనుంచి కేక: "మోకాలు!" అత్త కిటికీ దగ్గరికి వెళ్తుంటే కోడలి కేక: "మడమత్తయ్యా, మడమ! వేళ్ళ మీద వేస్తున్నారు." "చూశాన్లే, నీ గిన్నె చూసుకో, మాడిపోతోంది." లాండ్రీలో కూడా దుప్పటి కొస పట్టుకుని ఎదురుగా నడిచేటప్పుడు బాతు మడమ ముందు వేయడం మొదలుపెట్టింది. మైకు దుప్పటి వదిలేసి, "ఇదేం నడకే, దుప్పటి మడుస్తున్నావా, పెళ్ళికొడుకు మెడలో దండ వేస్తున్నావా!" అని అరిస్తే మూడో అంతస్తులో నర్సులు తొంగిచూశారు. వారం తిరిగేసరికి మైకు కూడా అలాగే నడుస్తోంది. వేరేలా నడిస్తే అడుగులు కలవట్లేదు మరి, దుప్పటి వంకర పోతోంది.

అన్నీ సాఫీగా సాగాయని కాదు. ఒక చలి ఉదయం అత్తకి నడుము పట్టేసింది. "నేను రాను, నువ్వు ఫో," అంది. "మీరు రాకపోతే నేనూ వెళ్ళను," అంది బాతు. "నన్ను సాకు చేసుకోకు. నీ బద్ధకానికి నా తుంటి అడ్డమా?" అని అత్త విరుచుకుపడింది. ఆ మాట గుచ్చుకుంది. నిజం కదా, అందుకే గుచ్చుకుంది. బాతు తలుపు ధడేలున వేసి ఒక్కతే వెళ్ళి నడిచింది. రెండు రోజులు ఇద్దరికీ మాటల్లేవు. భర్త మధ్యలో కూర్చుని ఇద్దరి వంతూ తనే తిన్నాడు. మూడో రోజు అత్త తనంతట తానే చట్రం పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది. "చూస్తావేం, బూట్లు కట్టుకో," అంది. ఏ రోజు ఎవరికి మనసు రాకపోయినా రెండోవాళ్ళు తలుపు దగ్గర ఉండేవారు. వాళ్ళ పట్టుదల అంతా అదే. ఇద్దరికీ ఒకేరోజు బద్ధకం పుట్టిన సందర్భాలు కూడా ఉన్నాయి. ఆ రోజుల్లో ఇద్దరూ వెచ్చగా పడుకున్నారు, ఎవరూ ఎవరికీ సంజాయిషీ చెప్పుకోలేదు.

ఎండలు ముదిరేసరికి బాతు నడక మారింది. ఎప్పుడు మారిందో ఆమెకే తెలియదు. వేగం పెంచితే ఇదివరకులా ఒళ్ళు గాల్లోకి తేలేది కాదు, నేలని పట్టుకునే ఉండేది. మాస్టారు సైకిల్ మీద పక్కనే వస్తూ చాలాసేపు ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోతే బాగుందని అర్థం.

పోటీ రోజు వచ్చింది. నది పక్క రోడ్డు మీద రెండు కొసల్లో పసుపు డబ్బాలు పెట్టి, వాటి చుట్టూ తిరగమన్నారు. పన్నెండు మంది బయల్దేరారు. దారి మధ్యలో ఒక నల్లబల్ల. ఎవరికి ఎన్ని ఎర్ర కార్డులు పడ్డాయో అక్కడ గుర్తులు పెడతారు. మొదటి సగం బాతు ఐదో స్థానంలో, ఒళ్ళు తేలిగ్గా నడిచింది. తర్వాత బల్ల మీద ఆమె అంకె పక్కన ఒక గుర్తు పడింది. ఇంకో చుట్టు తిరిగి వచ్చేసరికి రెండో గుర్తు.

రెండు చుట్లు మిగిలాయి. ఇంకో కార్డు పడితే కిందటేడు కథే. వెనక ఇద్దరి అడుగుల చప్పుడు దగ్గరపడుతోంది. కాళ్ళలో ఇంకా శక్తి ఉంది, అదే అసలు చిక్కు. శక్తి లేకపోతే ఆశ కూడా ఉండేది కాదు. ఒంట్లో ప్రతి నరం ఉరకమంటోంది. కిందటేడు సరిగ్గా ఇక్కడే ఉరికింది.

ఈసారి బాతు వేగం తగ్గించింది. చూసేవాళ్ళకి అలసిపోయిందనిపించింది. ఆమె అలసిపోలేదు. తను ఎంతో తిట్టుకున్న ఆ మెల్లటి నడకలోకి, మడమ ఎక్కడ తగిలిందో తెలిసే నడకలోకి, కావాలనే దిగింది. వెనకనున్న ఒకామె దాటింది. రెండో ఆమె కూడా దాటింది. మనుషులు తనని దాటిపోతుంటే చూస్తూ ఊరుకోవడం ఎంత కష్టమో దాటించుకున్నవాళ్ళకే తెలుస్తుంది. ఆమె పళ్ళు కొరుక్కుంటూ ఊరుకుంది. తర్వాత మరొకరు, ఇంకొకరు.

ఆఖరి మలుపు దగ్గర లావుపాటి జడ్జీ ఒకాయన ఆమె పాదాలు చూడటానికి దాదాపు రోడ్డు మీద పడుకున్నంత పని చేశాడు. ఆయన చెయ్యి జేబులోకి వెళ్ళింది. బాతు అడుగు మార్చలేదు. ఆయన జేబులోంచి రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

తాడు అవతలనుంచి అత్త గొంతు వినబడింది. "నేల మీదే ఉంది! కాలు నేల మీదే ఉంది!"

"అమ్మా, జడ్జీలతో మాట్లాడకూడదు," అన్నాడొక కార్యకర్త.

"జడ్జీతో ఎవడు మాట్లాడాడయ్యా? నా కోడలి కాలితో మాట్లాడుతున్నా."

బాతు ముగింపు గీత దాటింది. దాటాక కూడా ఎవరైనా వచ్చి పక్కకి రమ్మంటారేమోనని నాలుగు అడుగులు అలాగే, మోకాలు వంచకుండా నడిచింది. ఎవరూ రాలేదు. అప్పుడు రోడ్డు పక్కన కూలబడింది.

మాస్టారు సైకిల్ నడిపించుకుంటూ వచ్చాడు. జింక రెండో స్థానంలో వచ్చిందని చెప్పాడు. బాతు నిజంగానే సంతోషపడింది, ఆ మంట ఎప్పుడు చల్లారిందో ఏమో.

"నేనెన్నో స్థానం సార్?"

"తొమ్మిది."

"పన్నెండు మందిలో తొమ్మిదా? పర్లేదే!"

"మిగిలిన ముగ్గురూ కార్డులు తిని బయటికి పోయారు."

బాతు వేళ్ళతో లెక్కేసుకుంది. "అంటే నేను ఆఖరా?"

"ఆఖరే."

"మరి జట్టు?"

మాస్టారు సైకిలెక్కి తొక్కడం మొదలుపెట్టి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు. "సోమవారం ఆలస్యంగా వచ్చావంటే ఊరుకోను."

ఆయన మలుపు తిరిగేదాకా బాతు కదల్లేదు. తర్వాత నవ్వు మొదలైంది. కడుపు పట్టుకుని, రోడ్డు పక్క గడ్డిలో ఒరిగి, కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వింది. దారిన పోయేవాళ్ళు ఎండదెబ్బ తగిలిందేమోనని ఆగి చూశారు. అత్త చట్రం టకటకలాడించుకుంటూ వచ్చి నిలబడింది. వెనకే భర్త నీళ్ళ సీసాతో వచ్చాడు.

బూట్లు ఊడి రావట్లేదు. పాదాలు వాచాయి, చెమటకి తాళ్ళ ముళ్ళు రాయిలా బిగిశాయి. బాతుకి వంగే ఓపిక లేదు. అత్తకి తుంటి ఒప్పుకోదు. ఇద్దరూ కలిసి భర్త వైపు చూశారు. అతను నీళ్ళ సీసా కింద పెట్టి, గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుని, భార్య కాలు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఎన్నో స్థానం?" అని మెల్లగా అడిగాడు.

"ఆఖరు," అంది బాతు, మొహమంతా వెలిగిపోతూ.

అతను భార్యని చూశాడు, తల్లిని చూశాడు. ఓదార్చాలో మెచ్చుకోవాలో అంతుపట్టక నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు.

"ముందు ఆ ముడి విప్పరా," అంది అత్త. "మొహం ఎలా పెట్టాలో తర్వాత చెబుతా."